అలాస్కా నుంచి తిరిగొచ్చిన మనిషి

(నెల్లూరులో సినిమా ఇష్టమైనవాళ్లు కొందరు ఆదివారం పూట కూడినప్పుడు ఒక రిటైర్డ్ ప్రొజెక్టర్ ఆపరేటర్ మాట్లాడిన మాటలు. రికార్డు చేసి, ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం దూరం జరపండి నాయనా, నాది అసలే పెద్ద గొంతు. ముప్పై ఏళ్లకు పైన రెండు మిషన్ల మధ్య నిలబడి బతికినోడిని. ఆ రొదలో అరవకపోతే పక్కన రీళ్లు చుట్టే పిల్లోడికి కూడా వినపడేది కాదు. రిటైరైనా ఆ అలవాటు పోలా. ఇంట్లో ఉప్పు అడిగినా తగువాడినట్టే ఉంటుందని మా ఆడవాళ్లు అంటారు.

గూఢచారి సినిమాల్లో పాత నటులు తిరిగి రావడం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను సినిమాని కుర్చీలో కూర్చొని చూసింది తక్కువ. క్యాబిన్‌లో చిన్న అద్దం కిటికీలోంచి, ఒక కన్ను బొమ్మ మీద, ఒక కన్ను కార్బన్ల మీద పెట్టి చూసిందే ఎక్కువ. కార్బన్లంటే ఇప్పటి పిల్లకాయలకి తెలీదు. బల్బు కాదు, రెండు కడ్డీల మధ్య మంట. అవి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతా ఉండాలి, లేకపోతే తెర మీద హీరో మొహం పసుప్పచ్చగా అయిపోద్ది. కాబట్టి నేను చెప్పేది కిటికీలోంచి చూసినోడి మాట అనుకోండి.

2025 మే నెలలో మా మనవరాలు నన్ను మల్టీప్లెక్సుకి తీసకపోయింది. మిషన్ ఇంపాజిబుల్, ఎనిమిదోది, తెలుగు డబ్బింగు. ఏసీకి దుప్పటి కప్పుకొని కూర్చున్నా. కథలో కంప్యూటరు దెయ్యం ఒకటి లోకాన్నంతా పట్టుకొని ఉండాది, సగం నాకు ఎక్కలా. ఇంతలో వాళ్ల గుంపు మంచులో ఒక దీవికి పోయింది. అక్కడొక ఇల్లు. తలుపు తీసినాడు ఒక పెద్దాయన. తెల్లటి గడ్డం.

నేను లేచి నిలబడినంత పని చేసినా. "ఒసే, ఈయన వాంతి చేసుకున్నాయన!" అన్నా. నా గొంతు సంగతి చెప్పినా కదా, హాలంతా తిరిగి చూసింది. (నవ్వులు)

"ఎవరు తాతా?" అనింది మనవరాలు. ఎట్టా చెప్పేది ఆ చీకట్లో! ఇంటికి పొయినాక చెప్పినా. మీక్కూడా చెప్తా.

మొదటి మిషన్ ఇంపాజిబుల్ 1996లో వచ్చింది. బ్రయన్ డి పామా డైరెక్టరు. మన ఊరికి ప్రింటు వచ్చేసరికి దాని మీద గీతలు వానలాగా పడతా ఉండాయి. నేను పనిచేసే హాల్లో మార్నింగ్ షో వేసినారు. హాలు పేరు అడగబాకండి. అందులో ఒక గది ఉంటుంది. అమెరికా గూఢచారి సంస్థ ఆఫీసులో, లోపల ఒక కంప్యూటరు, మారుపేర్లతో తిరిగే గూఢచారుల అసలు పేర్ల జాబితా అందులో ఉంటుంది. ఆ గదిలో నేల మీద కాలు పెడితే గంట మోగుద్ది, చప్పుడైతే గంట, గది వేడెక్కితే గంట. అందుకని హీరో టామ్ క్రూజ్ కప్పులోని గాలిగొట్టం నుంచి తాడుకి వేలాడతా దిగుతాడు. తలకిందులు కాకుండా నిలబడాలంటే బరువు సరిపోవాల కదా, షూటింగప్పుడు బూట్లలో నాణేలు వేసుకున్నాడంట ఆయన. మన బావుల్లో చేదతో పూడిక తీసేవాళ్లకి బాగా తెలిసిన విద్యే అది.

ఆ గదిలో కంప్యూటరు మీద పనిచేసే మనిషి ఒకడు, పేరు డన్‌లో. ఆయన కాఫీలో వీళ్లు ఏదో కలిపేస్తారు. పాపం, లోపలికి రావడం, కడుపు తిప్పి బయటికి పరిగెత్తడం, మళ్లీ రావడం, మళ్లీ పరిగెత్తడం. ఆఖర్న వచ్చేసరికి జాబితా పోయి ఉంటుంది, పైనుంచి జారిన కత్తి ఒకటి ఆయన బల్ల మీద నిలువునా గుచ్చుకొని ఉంటుంది. పైఆఫీసరు కిట్‌రిడ్జ్‌కి కోపమొచ్చి, వీణ్ణి సాయంత్రంలోగా అలాస్కాలో రాడారు కాపలాకి తోలండి, బట్టలు పోస్టులో పంపించండి అంటాడు. అంతే. డన్‌లో కథ అయిపోయింది. మొత్తం ఏ పది నిమిషాలో కనిపించి ఉంటాడు. రోల్ఫ్ సాక్సన్ అని ఆ నటుడి పేరు, ఎక్కువకాలం ఇంగ్లండులో నాటకాలు, టీవీలు చేసుకున్నాయన. వీడియో గేముల్లో గొంతు కూడా ఇచ్చినాడని మా మనవరాలు ఫోన్లో చూసి చెప్పింది.

ఆ గది సీను గురించి ఇంకో సంగతి ఉండాది. చప్పుడైతే గంట మోగుద్దని చెప్పినా కదా? అందుకని సీనంతా సంగీతం లేదు, మాట లేదు. ఊపిరి, తాడు కిర్రుమనడం, అంతే. మొదటిరోజు మార్నింగ్ షోలో ఒక నిమిషం చూసినారు మనోళ్లు. తర్వాత బెంచీల్లోంచి మొదలైంది. "సౌండ్! సౌండ్! ఏయ్ ఆపరేటర్, నిద్రపోతుండావా!" ఈలలు, కుర్చీలు దబదబా కొట్టడం. మేనేజరు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చినాడు, రొప్పతా. నేను అప్పటికే సౌండ్ హెడ్ దగ్గర వంగి ఎక్సైటర్ ల్యాంపు చూస్తుండా. సినిమా రీలు అంచున సన్నటి గీతల్లాగా ఉంటుంది చప్పుడంతా. ఆ చిన్న బల్బు వెలుతురు ఆ గీతల్లోంచి పోయి అవతల ఫోటోసెల్ మీద పడితేనే మనకి మాట వినపడేది. బల్బు వెలగతానే ఉండాది. "సామీ, సౌండు పోలేదు, బొమ్మే అంత" అన్నా. ఆయన నమ్మలా. నమ్మకపోగా నా జీతంలోంచి కోస్తానన్నాడు. అప్పుడు హీరో కళ్లద్దం మీదినుంచి చెమట చుక్క జారడం, అరచేత్తో పట్టుకోవడం వచ్చింది. హాలు దానంతటదే నోరు మూసుకుంది. మేనేజరు కూడా నా కిటికీలోంచే చూస్తా నిలబడిపోయినాడు.

అదీ నాకూ డన్‌లోకీ ఉన్న చుట్టరికం. ఇద్దరం మిషను దగ్గర కాపలా ఉన్నోళ్లమే. ఇద్దరం ఏ తప్పూ చెయ్యకుండా తిట్లు తిన్నాం.

29 ఏళ్లకి ఆయన్ని మళ్లీ చూస్తుండా. కొత్త సినిమాలో ఏంజేసినారంటే, ఆయన నిజంగానే అలాస్కాకి పోయినాడు. ఇన్నేళ్లూ అక్కడే ఉండాడు. అక్కడి మంచు జనంలో ఒకామెని పెళ్లి చేసుకున్నాడు, హాయిగా కాపురం చేస్తుండాడు. మీవల్ల నా ఉద్యోగం పోయిందే అని గొంతు పట్టుకోవాల్సిందిపోయి, అందువల్లే ఈమె దొరికిందంటాడు. ఆ కత్తి కూడా దాచుకొనుండాడు! అది తెచ్చి హీరోకిస్తాడు. 1996లో నవ్వడానికి రాసిన ఒక్క మాట, బట్టలు పోస్టులో పంపండి అని, దానిమీద ఒక మనిషి బతుకంతా కట్టినారు చూడండి.

ఇప్పుడు నేను చెప్పొచ్చేది వినండి. టామ్ క్రూజ్‌కి 1996లో 33 ఏళ్లు, ఎనిమిదోది వచ్చేటప్పటికి 62. ఆయన ముసలాడైనట్టు మనకి తెలిసిందా? తెలీలా. ఎందుకంటే ఆయన ఎప్పుడూ పోలా, మధ్యలో వస్తానే ఉండాడు. ఇంట్లో రోజూ చూసే పిల్లోడు పెరిగినట్టు మనకి కనపడదు, దుబాయి నుంచి మూడేళ్లకొచ్చిన బాబాయి "ఏందిరా ఇంత ఎదిగినావు" అంటాడు. డన్‌లో మొహం చూసినాకనే నాకు టామ్ క్రూజ్ వయసు తెలిసింది. నా వయసు కూడా. పోయినోడు తిరిగొచ్చేది తన కోసం కాదు, పోనోళ్ల లెక్క తేల్చడానికి. ఆ కిట్‌రిడ్జ్ వేసిన హెన్రీ చెర్నీని కూడా 27 ఏళ్లు వదిలేసి, 2023లో ఏడో భాగంలో మళ్లీ పట్టుకొచ్చినారు. అదీ బానే ఉండాది. కాని ఆఫీసరు పెద్ద ఆఫీసరయ్యాడు, అందులో వింతేముంది? నాకు డన్‌లోనే గొప్ప.

సరే, ఈ తిరిగి రావడాలకి తాత ఒకడున్నాడు. షాన్ కానరీ.

1962లో మొదటి జేమ్స్ బాండ్ సినిమా. అప్పటికి ఆయన వయసు 32. చిన్నప్పుడు ఎడింబరోలో ఇంటింటికి పాలు పోసినోడు. 1967కల్లా ఐదు సినిమాలు చేసి, ఇక నావల్ల కాదని పోయినాడు. 1969లో జార్జ్ లాజెన్‌బీ అని కొత్తాయన్ని పెట్టినారు, ఆయన ఒక్కదానికే సెలవు తీసుకున్నాడు. నిర్మాతలు మళ్లీ కానరీ గుమ్మం ఎక్కినారు. 12.5 లక్షల డాలర్లు ఇచ్చి 1971లో తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ డబ్బు విని లోకం నోరు తెరిచింది. ఆయన ఆ డబ్బుని స్కాట్లండులో పిల్లల చదువులకి తాను కలిసి పెట్టిన ట్రస్టుకి ఇచ్చేసినాడు. ఇచ్చేసి, ఇంక జన్మలో బాండ్ వెయ్యనన్నాడు.

పన్నెండేళ్లకి ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టినాడు. (నవ్వులు) నవ్వకండి, సినిమా పేరే అది! 1983లో వచ్చింది, నెవర్ సే నెవర్ ఎగైన్. జన్మలో చెయ్యనని అనబాక అని వాళ్లావిడ మిషెలిన్ ఎగతాళిగా అన్న మాటే పేరుగా పెట్టినారు. అది అసలు కంపెనీ సినిమా కాదు. థండర్‌బాల్ అనే బాండ్ కథ పుట్టినప్పుడు, బాండ్‌ని పుట్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్‌తో పాటు కెవిన్ మెక్‌క్లోరీ అనే ఆయన చెయ్యి కూడా ఉండాది, కోర్టుకి పోయి 1963లో ఆ కథ మీద హక్కు తెచ్చుకున్నాడు. ఆ హక్కుతో వేరే కుంపటి పెట్టి అదే కథని మళ్లీ తీయించినాడు. మన పక్క అన్నదమ్ములు పొలం పంచుకుంటే గట్టు మీది తాటిచెట్టు ఎవరిదనే తగువు మూడు తరాలు నడుస్తుందే, అట్టాంటిది.

దాంతో ఏమైందంటే, అదే ఏడాది రెండు బాండ్‌లు. అటు రోజర్ మూర్ ఆక్టోపస్సీ, జూన్ నెలలో. ఉదయపూర్‌లో తీసిందే, ఆటోల మీద తరుముకోవడం, మద్రాసు టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ బ్యాటుతో రౌడీల్ని కొట్టడం. ఇటు అక్టోబరులో కానరీ. డబ్బులు మూర్ సినిమాకే ఎక్కువ వచ్చినాయి. కాని నాకు విడ్డూరమనిపించేది వేరే. కానరీకి అప్పుడు 53, మూర్‌కి 55 దాటినాయి. ముసలి బాండ్ అని మా దగ్గర జనం ఎవర్ని అన్నారు? కానరీనే! చిన్నోడైన ఆయన్నే. మూర్ 1973 నుంచి పోకుండా వస్తానే ఉండాడు కదా. నేను ముందు చెప్పిన లెక్కే.

ఆ సినిమా వాళ్లకీ ఆ సంగతి తెలుసు. మొదట్లోనే పైఆఫీసరు, నీ ఒంట్లో చెత్త పేరుకుపోయింది, పో, ఆరోగ్య ఆశ్రమంలో చేరు అని తోలతాడు. ఆ పది నిమిషాలూ బాగుంటాయి. తర్వాత మళ్లీ మామూలే, అమ్మాయిలు, పడవలు, సొరచేపలు. వయసుని గుమ్మం దాకా పిలిచి లోపలికి రానియ్యలా. ఇంకొకటి, బాండ్ అనగానే మోగే ఆ గిటారు పాట ఉంటుందే, దాని హక్కు అసలు కంపెనీది. ఇందులో వాడే వీల్లేదు. హీరో వచ్చినాడు గాని పాట రాలా. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర ఫకీరు మాట లేకుండా రొట్టె మార్చుకున్నట్టు... కాదులే, ఆ పోలిక కుదరలా. దేవుడి ఊరేగింపు వస్తుంది, మేళం రాలా. అట్టా అనుకోండి.

మనోడి దగ్గరికి వద్దాం. 1966లో గూఢచారి 116. డూండీ నిర్మాత, మల్లికార్జునరావు డైరెక్టరు. కృష్ణ తేనెమనసులు సినిమాలో స్కూటరు మీదనుంచి కారు మీదికి దూకిన ఒక్క సీను చూసి డూండీ ఆయన్ని ఈ వేషానికి తీసుకున్నాడని చెప్తారు. పక్కన జయలలిత. కెమెరా రవికాంత్ నగాయిచ్, తర్వాత ఆయనే దీన్ని జితేంద్రతో హిందీలో ఫర్జ్ అని తీసినాడు. నెల్లూరులో ఆడి పొయినాక ఎన్నో నెలలకి అది కోవూరు పక్కన మా డేరా హాలుకి వచ్చింది. మా మేనమామ బండి కట్టినాడు. నాకు ఎనిమిదేళ్లు. నేల టికెట్టు, ఇసక కుప్ప చేసుకొని దాని మీద కూర్చోవడం, వెనకోడు "తల దించరా" అనడం. డేరాలో మిషను ఒకటే కాబట్టి రీళ్లు మార్చేటప్పుడల్లా దీపాలు. మా మామకి ఆ విరామం చాలదు, ఇంగోసారి బీడీ. ఆ చీకట్లో కిటికీలోంచి వచ్చే వెలుతురు కట్ట ఉందే, అందులో దుమ్ము తిరగతా ఉంటే కృష్ణని కాకుండా దాన్నే చూసినా సగం సేపు. నా బతుకు అక్కడే తేలిపోయింది.

ఆయన తర్వాత 1971లో జేమ్స్‌బాండ్ 777, 1978లో ఏజెంట్ గోపి. ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనే పేరు ఊరికే రాలా. 1989లో కోడి రామకృష్ణ డైరెక్షనులో గూఢచారి 117. కథకి సంబంధమేం లేదు. 23 ఏళ్లకి ఒక్క నంబరు పెరిగింది, మన పెన్షన్ పెరిగినట్టు. (నవ్వులు) అప్పుడు రీళ్లు నేనే వేసినా. కృష్ణ పెద్దగా మారలా, ఆయనా పోనోడే, ఏడాదికి డజను సినిమాలు చేసినోడు. కాని ఆ సినిమాలో మహేష్‌బాబు ఉండాడు, స్కూలు పిల్లోడు. 116 నాటికి పుట్టనే లేదు. తండ్రి పక్కన ఆ పిల్లోడి ఎత్తు చూస్తే తెలిసింది నాకు, డేరాలో ఇసక కుప్ప ఎంత దూరం పోయిందో. డన్‌లో చేసిన పని ఇక్కడ కొడుకు చేసినాడు.

అరవంలో కమల్‌హాసన్ చేసింది నాకు చాలా నచ్చింది. 1986లో విక్రమ్. అగ్నిపుత్ర అనే క్షిపణిని ఎవరో ఎత్తుకుపోతే తెచ్చే గూఢచారి. రచయిత సుజాత రాసిన కథ. పక్కనే శ్రీహరికోట పెట్టుకొని క్షిపణి దొంగతనం సినిమా చూడటం మనకి సరదాగా ఉండింది. 36 ఏళ్లకి, 2022లో అదే పేరు, అదే గూఢచారి. ఆయనకి 67. ఆ సినిమాలో ఆయన చేసే పని ఏంది? మనవడికి పాలు పట్టడం. పెద్ద చప్పుడైతే ఆ బిడ్డ గుండెకి మంచిది కాదు. చుట్టూ మిషన్ గన్నులు, ఆయన మాత్రం బిడ్డ చెవులు కాపాడతా తిరుగుతాడు. కానరీ వయసుని గుమ్మం దగ్గర నిలబెడితే ఈయన లోపలికి పిలిచి పీట వేసినాడు. చప్పుడు లేని సీను విలువ నాకంటే ఎవరికి తెలుసు చెప్పండి. అది డబ్బింగులోనే చూసినా, విక్రమ్ హిట్‌లిస్ట్ అని.

రానని చెప్పినాయన ఒకాయన ఉండాడు, ఆయన్ని మర్చిపోకూడదు. పీటర్ గ్రేవ్స్. మిషన్ ఇంపాజిబుల్ సినిమా కాకముందు అమెరికాలో టీవీ సీరియలు, 1966లో మొదలైంది. రెండో ఏడాది నుంచి జిమ్ ఫెల్ప్స్ అనే నాయకుడు ఆయనే. 1988లో మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఆయనే. 1996 సినిమాకి కూడా పిలిచినారు. కథలో ఫెల్ప్స్ దేశద్రోహిగా తేలతాడు. ఆయన చెయ్యనన్నాడు. ఆ వేషం జాన్ వాయిట్ వేసినాడు. కొందరు అంటారు, నటుడన్నాక అన్ని వేషాలూ వెయ్యాల అని. నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి జనం ఇంట్లోకి రానిచ్చిన మనిషి. ఒకరోజు వచ్చి, ఇన్నాళ్లూ మీ చెంబు ఎత్తుకుపోయింది నేనే అని చెప్పమంటే ఎట్టా చెప్తాడు?

బాండ్ సినిమాల్లో క్యూ అని ఒక పెద్దాయన, పెన్నులో బాంబులు పెట్టిచ్చేవాడు, డెస్మండ్ లెవెలిన్. 1963 నుంచి 1999 దాకా 17 సినిమాలు, ఐదుగురు బాండ్‌లు. మేము రీలు చివర కుడిపక్క పైన చుక్క పడగానే రెండో మిషను మీదికి మారతాం. అతుకు తెలియకూడదు. బాండ్ మారినప్పుడల్లా ఆ అతుకు తెలియకుండా చేసింది ఈయనే. ఇంట్లో మాత్రం ఏ మిషనూ చేతకాదని చెప్పుకునేవాడంట. 1999 సినిమా వచ్చిన కొన్ని వారాలకే కారు ప్రమాదంలో పోయినాడు.

టైమయిందని సైగ చేస్తుండారు. ఎవరైనా ఏమైనా అడగండి.

(వెనక వరసలోంచి ఒక పెద్దాయన: "ఆపరేటర్ గారూ, ఆ మార్నింగ్ షోకి నేనూ ఉన్నానేమో. నిజం చెప్పండి, ఆ సౌండు నిజంగా పోలేదా?")

మొదటిరోజు పోలేదన్నా, మా అమ్మతోడు. రెండోరోజు పోయింది. (నవ్వులు) అప్పటికే ఊళ్లో మాట పాకిపోయింది, ఆ బొమ్మలో సౌండు లేని సీనుంటుందంట, అరవకూడదంట, అరిస్తే పల్లెటూరోళ్లనుకుంటారంట అని. గది సీను అయిపోయి రీలు మారినాక నిజంగానే ఎక్సైటర్ ల్యాంపు మాడిపోయింది. తెర మీద పెదాలు ఆడతా ఉండాయి. స్పేరు బల్బు సొరుగులో లేదు, కిందికి పోయి మేనేజరు గదిలోంచి తెచ్చి వేసేసరికి ఐదారు నిమిషాలు పట్టింది. హాల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలా. అందరూ చేతులు కట్టుకొని చూస్తుండారు.